మీరమ్మ క్యారేజీ అడిగిన రోజు

పంపకం వచ్చిన 31వ ఏడు. ఆగస్టు 19. కాలువ నీటి గేజి 4 అడుగుల 2 అంగుళాలు.

ఇది ఆఫీసు పుస్తకం కాదు. ఆఫీసు పుస్తకంలో పొద్దున్నే "ఎస్కేపు గేటు మూసి ఉన్నది" అని రాసి, కింద "నాంచారమ్మ, లస్కరు, శివారు లాకు" అని సంతకం పెట్టి వచ్చాను. కాలువ గేట్లకు కాపలాగా ఉండి పద్దెనిమిదేళ్ళుగా ఆ సంతకం పెడుతున్నాను. అది అబద్ధం కావడం ఇవాళే మొదలు. రాసినప్పటినుంచీ మనసు కుదురుగా లేదు. ఎవరికీ చెప్పుకోలేను, అందుకని ఈ నోటుబుక్కు కొన్నాను.

నీళ్ళు ఎక్కువైతే మురుగులోకి వదలడానికి కట్టిన ఆ గేటు తెరిచే ఉంది. నిన్న మధ్యాహ్నం రెండింటికి నేనే చక్రం తిప్పి ఎనిమిది అంగుళాలు లేపాను. మంచినీళ్ళ కాలువలో నీళ్ళు గలగలా పోయి పక్కనున్న మురుగు కాలువలో పడ్డాయి. మా పొలాల్లోంచి కరిగిన యూరియానంతా మోసుకుపోయేది ఆ మురుగు కాలువే. సముద్రంలో కలిసే తూము దగ్గరకు వెళ్ళేసరికి ఆ నీళ్ళు తేటగా, కొత్త పెళ్ళికూతురిలా తయారై ఉన్నాయి. ఇవాళ పది గంటలకు మీరమ్మ వాటినే సీసాల్లో పట్టుకుంది. నీళ్ళు ఎన్ని పోతున్నాయో మాత్రం నా పుస్తకం చూసి రాసుకుంటుంది. నా పుస్తకంలో గేటు మూసి ఉంది కదా, కలిసిన మంచినీళ్ళు లెక్కలోకి రావు.

మీరమ్మ అసలు పేరు మిరేసా. మా వాళ్ళ నోళ్ళలో పడి మీరమ్మ అయింది. బంగాళాఖాతానికి దిగువన ఎక్కడో ఉన్న కెలావే దీవుల మనిషి, ముప్ఫై ఏళ్ళుంటాయి. ఎరువు ఇంత, సముద్రంలోకి పోయే నత్రజని ఇంత అని దేశాలన్నీ వాటాలు వేసుకున్న ఒప్పందమే పంపకం; ఎవరి కాలువ వాళ్ళు కొలుచుకోకూడదని దాని నియమం. మొదట్లో మీటర్లు పెట్టారట. ప్రతి దేశమూ తన మీటరుకు తన మాటలు నేర్పుకునేసరికి వాటిని పీకేసి, మనుషుల్ని అటువాళ్ళను ఇటూ ఇటువాళ్ళను అటూ పంపడం మొదలుపెట్టారు. కొలిచే మనిషి ఆ ఊరి భాష నేర్చుకుని రావాలి, ఆ ఊళ్ళోనే ఒకరింట్లో అన్నం తినాలి. మా ఊళ్ళో ఆ అన్నం మా ఇంట్లో. వండేది మా అత్త బసవమ్మ.

ఏ రోజు కొలుస్తుందో ఎవరికీ ముందు తెలియకూడదు. మీరమ్మ చెప్పదు కూడా, చచ్చినా చెప్పదు. కానీ తూము ఊరికి ఏడు కిలోమీటర్లు. అక్కడికి వెళ్ళిన రోజు మధ్యాహ్నం భోజనానికి తిరిగి రాలేదు. వండిన అన్నం పాడవుతుందని దానికి బాధ. అందుకని ముందురోజు పొద్దున మా అత్తను పిలిచి, "రేపు నాకు క్యారేజీ కట్టండి అత్తమ్మా" అంటుంది.

అదీ సంగతి. ఆ పిల్ల మర్యాదే మాకు కబురు.

ఆగస్టు 21. గేజి 4-3.

తాండవకృష్ణ బాబాయి లాకు దగ్గరకు వచ్చాడు. ఊరి ప్రెసిడెంటు, మా నాన్నకు వరసకు తమ్ముడు. ఫలితం వచ్చిందని చెప్పి రెయిలింగు మీద చెయ్యేసి నవ్వాడు.

"హద్దు కిందే తేలిందంటే నాంచారీ! ఎనిమిదంగుళాల నీళ్ళతో ఊరు గట్టెక్కింది."

"మంచినీళ్ళు బాబాయ్ అవి."

"నీళ్ళదేవుందే, పైనించి ఇంకా వస్తయ్. హద్దు దాటామని తేలితే రెండేళ్ళ పాటు ఊళ్ళోకి యూరియా బస్తా రాదు. మన ఉప్పు చేలల్లో యూరియా లేకపోతే పన్నెండు బస్తాలు కూడా పండవు. అప్పుడు జనానికి నువ్వు పెడతావా బువ్వ?"

ఆయన మాటలో నిజం లేకపోలేదు. సముద్రం ముందుకు వచ్చిన దగ్గర్నుంచీ మా నేల పాడయింది. మిగతా ఊళ్ళు చల్లినదానికి ఒకటిన్నర రెట్లు చల్లితే తప్ప మా వరి పచ్చబడదు. పంపకంలో మనిషికి ఇంత అని సమానంగా ఇచ్చారు గాని, ఉప్పు నేలకు ఇంత అని ఇవ్వలేదు. అది అన్యాయమని బాబాయి ఎప్పుడూ అంటాడు. కావచ్చు. అన్యాయమైతే దేశాలన్నీ కూర్చునే పంపకం సభలో చెప్పుకోవాలి. మేము చెప్పుకోలేదు, చక్రం తిప్పుకున్నాం.

సెప్టెంబరు 8. గేజి 3-11.

పొద్దున మా అత్త నూనె డబ్బా వెతుక్కుంటూ, "రేపు మీరమ్మకు క్యారేజీ కట్టాలే, వంకాయలేమన్నా ఉన్నయ్యా?" అని నన్నే అడిగింది. పాపం ఆవిడకేమీ తెలియదు. ఉన్నాయన్నాను. మధ్యాహ్నం వెళ్ళి గేటు ఎత్తాను, ఈసారి పది అంగుళాలు. కాలువలో నీళ్ళు తగ్గి ఉన్నాయి కాబట్టి ఎక్కువ ఎత్తాల్సి వచ్చింది.

మొదటిసారి ఎవరన్నా చూస్తున్నారేమోనని నాలుగు దిక్కులూ చూసుకున్నాను. ఈసారి చూసుకోలేదు. దానికే ఎక్కువ సిగ్గేసింది.

సెప్టెంబరు 12. గేజి 4-0.

మధ్యాహ్నం మీరమ్మ కంచం ముందు కూర్చుని చాలాసేపు అన్నం కలుపుతూనే ఉంది. మా అత్త చూసి ఊరుకుంటుందా.

"ఏందే పిల్లా, అన్నంతో బొమ్మలు చేస్తున్నావా? కారం ఎక్కువైందా?"

"లేదు అత్తమ్మా. మా ఊళ్ళో చచ్చిన నీళ్ళు వచ్చాయి."

చచ్చిన నీళ్ళంటే మాకు తెలుసు. పొలాల ఎరువు సముద్రంలో పడితే నాచు పెరుగుతుంది. ఆ నాచు కుళ్ళితే నీళ్ళలో ఊపిరి ఉండదు, చేపలు తేలిపోతాయి. మా ఒడ్డున అలా కావడం నేను చూడలేదు. మా నీళ్ళను ప్రవాహం పట్టుకుపోతుంది. ఎక్కడికి పట్టుకుపోతుందో ఇవాళ తెలిసింది.

మీరమ్మ తన పుస్తకపు తెలుగులో నెమ్మదిగా చెప్పింది. వాళ్ళు మొత్తం నాలుగు వేల మంది. చేపలు, ఇంటి వెనక గుంటల్లో చామదుంపలు, కాసిని కోళ్ళు. అంతకు మించి ఏమీ లేదు. ఇప్పుడు సముద్రం నడిమధ్య కొలిస్తే నత్రజని హద్దు దాటి ఉంది. నదుల దగ్గర, కాలువల దగ్గర కొలిస్తే అందరూ బుద్ధిమంతులే. మరి ఆ ఎక్కువ ఎక్కడినుంచి వచ్చినట్టు? లెక్క తేలనిదంతా, చచ్చిన నీళ్ళు ఎవరి ఒడ్డున తేలితే వాళ్ళ మీద వేస్తారు. అది పంపకంలో ఉన్న నియమమే. మూడో కొలతలో కూడా తేడా అలాగే ఉంటే, అక్టోబరు అయిదున సభలో తీర్పు. కెలావేకు అయిదేళ్ళ పాటు వాటా ఉండదు. దుంపల గుంటలో గుప్పెడు ఎరువు వెయ్యకూడదు, కోడిని పెంచకూడదు.

"అయిదేళ్ళు ఏం తింటారే?" అంది మా అత్త.

"ఉండరు అత్తమ్మా. ఓడలు పంపిస్తారు. ఎక్కడ చోటు ఉంటే అక్కడికి, తలా కొంతమందిని."

మా అత్త పమిట కొంగుతో కళ్ళు తుడుచుకుని, "ఎవడో గాని నాశనమై పోతాడు" అంది. నేను ఎదురుగా కూర్చుని మజ్జిగ పోసుకుంటున్నాను. తల కొట్టేసినట్టయింది. అన్నంలో చెయ్యి కడుక్కుని లేచిపోయాను.

సెప్టెంబరు 13. గేజి 4-0.

మా ఒక్క తూముతో సముద్రం చావదని రోజంతా నాకు నేను చెప్పుకున్నాను. నిజమే. కానీ పోయిన నెల డివిజను ఆఫీసులో జీతాల రోజున టీ తాగుతుంటే, పక్క కాలువ లస్కరు నన్ను చూసి, "మీ ఊళ్ళో కొలత బాగా వచ్చిందంటగా, మాదీ బాగానే వచ్చిందిలే" అని కన్ను గీటాడు. ఆ బల్ల చుట్టూ తొమ్మిది మందిమి ఉన్నాం. ఎవరూ అదేమిటని అడగలేదు.

ఇంకో సంగతి రాయాలి. మాది శివారు ఊరు. కాలువ ఆఖరు. నా చిన్నప్పుడు పైఊళ్ళవాళ్ళు కాలువకు అడ్డంగా ఇసక బస్తాలు వేసి నీళ్ళు మలుపుకునేవాళ్ళు. మా చేలు నెర్రెలు విచ్చేవి. నాన్న అర్జీలు పెట్టేవాడు. ఓవర్సీరు తనిఖీకి వచ్చే రోజు వాళ్ళకు ఎలాగో ముందే తెలిసేది. బస్తాలు తీసేసేవాళ్ళు. ఆ ఒక్కరోజు మా కాలువ నిండుగా పారేది. ఓవర్సీరు గేజి చూసి, "నీళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి కదయ్యా, ఎందుకు అబద్ధాలాడతారు?" అని అందరి ముందూ నాన్నను తిట్టి వెళ్ళేవాడు. నాన్న ఏమీ అనలేక తువ్వాలు దులుపుకుని నిలబడేవాడు. నాకు అప్పుడు తొమ్మిదేళ్ళు. పైఊరి వాళ్ళంత నీచులు లోకంలో ఉండరనుకునేదాన్ని.

కెలావే వాళ్ళకు మేము పైఊరు.

సెప్టెంబరు 25. గేజి 3-9.

మీరమ్మ క్యారేజీ అడిగింది.

మధ్యాహ్నం ఒంటిగంటకే బాబాయి వచ్చి లాకు అరుగు మీద కూర్చున్నాడు. నేను చక్రం తిప్పనంటానని ఎవరో చెప్పినట్టుంది, నా మొహమే చెప్పి ఉంటుంది.

"బాబాయ్, ఈసారి వద్దు. ఆ పిల్ల ఊరే పోద్దంట."

"మన ఊరు పోయినా ఫర్వాలేదంటావ్."

"మనకి రెండేళ్ళు పంట తగ్గుద్ది. వాళ్ళకి దీవే ఉండదు."

"నువ్వొక్కదానివి మానేస్తే ఆళ్ళ దీవి నిలబడుద్దా? అందరూ తిప్పుతున్నారు. మనం మానేస్తే మనమొక్కళ్ళమే దొంగలమవుతాం. పిచ్చిదానివి కామాక. మీ అత్త ఎకరన్నర కూడా ఈ కాలవ కిందే గదా, గుర్తుపెట్టుకో."

ఆయన బలవంతం చేశాడని రాస్తే బాగుండేది. చెయ్యలేదు. నా చెయ్యి పట్టుకోలేదు, కేకలు వెయ్యలేదు. ఆయన టీ తాగుతుంటే నేనే లేచి తిప్పాను. పన్నెండు అంగుళాలు.

సెప్టెంబరు 27. గేజి 4-1.

రెండు రోజులుగా అన్నం సహించడం లేదు. పొద్దున డ్యూటీ అయ్యాక పంపకం నియమాల పుస్తకం తీశాను. మాకు ఉద్యోగంలో చేరినప్పుడు ఇచ్చారు, ఇన్నాళ్ళూ దాన్ని గోడ గడియారం కింద ఎత్తుకు పెట్టుకున్నాను. అందులో రెండు ముక్కలు దొరికాయి.

గేటు పొరపాటున కారితే, లస్కరు ఆ సంగతి రాసిస్తే, ఆ కొలత ఒక్కటీ కొట్టేస్తారు. ఊరికి శిక్ష లేదు. తీర్పు ఆగదు.

లస్కరు కావాలని తెరిచానని తన పుస్తకంలో రాసి సంతకం పెడితే, ఆ సముద్రానికి ఆ ఏటి తీర్పే ఆగిపోతుంది. ఒడ్డున ఉన్న ప్రతి తూమునూ కొత్తగా, కాపలా పెట్టి కొలుస్తారు. ఆ లస్కరు ఊరికి రెండేళ్ళు యూరియా ఉండదు. లస్కరు ఉద్యోగం పోతుంది.

ఒక్క సంతకం. నాలుగు వేల మంది నిలబడడానికి నాది ఒక్క సంతకం చాలు.

సెప్టెంబరు 28. గేజి 4-1.

పొరపాటు అని రాశాను.

ధైర్యం తెచ్చుకుని మీరమ్మ గదికి వెళ్ళాను. నోరు తెరిచేదాకా నిజమే చెబుతాననుకున్నాను. తెరిచాక, "మీరమ్మా, మొన్న నువ్వు కొలిచిన రోజు ఎస్కేపు గేటు కారుతోందమ్మా. నేను చూసుకోలేదు. తప్పయింది, ఆ కొలత కొట్టేయించు" అన్నాను. పుస్తకంలో కూడా అలాగే రాసి చూపించాను.

ఆ పిల్ల లేచి నన్ను కావలించుకుంది. గట్టిగా. దాని భుజం నా గడ్డం కింద ఆనింది.

"మీరు రాయకపోతే ఎవరికీ తెలిసేది కాదు. మీ ఉద్యోగానికి ఇబ్బంది అయినా రాశారు. ఇంత మంచివాళ్ళ ఇంట్లో నాకు అన్నం దొరికింది. మా అమ్మకు చెబుతాను" అంది.

నా వీపు మీద ఆ చేతులు ఉన్నంతసేపూ ఒళ్ళంతా కంపరం ఎత్తింది. ఛీ. దొంగతనం చేసి, అందులో ఒక రూపాయి తిరిగిచ్చి దండ వేయించుకున్నాను.

సెప్టెంబరు 29. గేజి 4-0.

మా అత్త మీరమ్మ ఎదురుగా ఏమీ అనలేదు. అది బయటికి వెళ్ళాక గడప మీద కూర్చుని రోట్లో కారం కొడుతూ అడిగింది.

"గేటు కారిందన్నావంట. మొన్న శ్రావణంలోనేగా రబ్బరు మార్పిచ్చావు? చేతికి దెబ్బ తగిలితే నేనేగా పసుపు పెట్టింది?"

నేను నీళ్ళ బిందె ఎత్తబోయాను.

"ఆ పిల్ల క్యారేజీ అడిగినరోజు నువ్వు మజ్జానం తిండి మానేసి లాకు దగ్గరకి పోతావ్. మూడు మాట్లు చూశా. నేను ముసలిదాన్నే గాని గుడ్డిదాన్ని కాదే."

అప్పుడు చెప్పాను. అంతా. ఆవిడ కొట్టడం ఆపలేదు. అయిపోయాక రోకలి పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది.

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టే వాళ్ళని చూశాను. పెట్టిన కంచంలోంచే కూడు లాగేవాళ్ళని ఇయ్యాలే చూస్తన్నా. నా చేత్తో కట్టానే ఆ క్యారేజీ. నా చేతులకి కూడా ఆ పాపం పూశావు గదే నాంచారీ."

నేను బాబాయి మీదకు నెట్టబోయాను. ఊరి కోసమని మొదలుపెట్టాను. ఆవిడ చెయ్యి ఎత్తి ఆపింది.

"ఊరి మాట తర్వాత. క్యారేజీ సంగతి ఆయనకెట్టా తెలిసింది? ఆయన మన వంటింట్లోకి రాలేదుగా."

ఈ నోటుబుక్కులో కూడా ఇన్నాళ్ళూ రాయని ముక్క అదే. బాబాయి నన్ను అడగలేదు. జులైలో పంచాయతీ ఆఫీసులో అందరూ తలలు పట్టుకుని కూర్చుంటే, ఏ రోజు కొలుస్తుందో తెలిస్తేనా అని ఎవరో అంటే, "నాకు తెలుస్తుంది" అన్నాను. నవ్వుతూ అన్నాను. అందరూ నావైపు తిరిగి, నాంచారమ్మ అంటే ఏమనుకున్నారని మెచ్చుకున్నారు. ఆడమనిషివి లస్కరు పనేం చేస్తావని ఒకప్పుడు ఎగతాళి చేసినవాళ్ళే. ఆ మెప్పు బాగుంది. దాని కోసమే చేశాను. యూరియా కోసం కూడా కాదు.

అదంతా విని అత్త లేచి నా కంచంలో అన్నం పెట్టి, తను తినకుండా వెళ్ళి పడుకుంది.

సెప్టెంబరు 30. గేజి 4-0.

ఉదయం ఆఫీసు పుస్తకంలో ఇలా రాశాను. "ఆగస్టు 18న ఎనిమిది, సెప్టెంబరు 8న పది, సెప్టెంబరు 25న పన్నెండు అంగుళాల చొప్పున ఎస్కేపు గేటు నేను కావాలని తెరిచాను. కొలిచే రోజు తెలుసుకుని తెరిచాను. ఆ రోజు తెలుసుకునే దారి కూడా ఊరివాళ్ళకు నేనే చెప్పాను. 28న కారిందని రాసినది అబద్ధం." సంతకం పెట్టాను. సభకు వెళ్ళే ప్రతి మీద కూడా పెట్టి పంపించాను. తొమ్మిదికల్లా కబురు ఊరంతా పాకింది. బాబాయి లాకు దాటుతూ నావైపు చూడకుండానే, "మీ అత్త చేను కూడా తగలెట్టావు. తృప్తేనా?" అన్నాడు. ఊళ్ళో నాలుగు వందల గడప ఉంది. వాళ్ళకూ మొహం చూపించాలి.

ముందు మీరమ్మకు చూపించాలి. పుస్తకం తీసుకెళ్ళి ఆ పేజీ చదివి వినిపించాను. అది నిలబడే విన్నది. తెలుగు అర్థం కాలేదేమోనని మళ్ళీ చెప్పబోతే, అక్కర్లేదన్నట్టు తల ఊపింది.

"మొన్న మీ సంగతి మా అమ్మకు చెప్పాను" అంది. "ఆమె మా వీధిలో అందరికీ చెప్పింది. మిమ్మల్ని చూడాలంటోంది."

"నువ్వే చెప్పమ్మా నిజం. నాకు మొహం చెల్లదు."

"నేను చెప్పను. మీరు చెప్పండి. నేను మా భాషలోకి మారుస్తాను."

తిట్టినా బాగుండేది. ఫోను బల్ల మీద నిలబెట్టి కలిపింది. పొట్టి జుట్టు ముసలావిడ, వెనక గోడకు ఒక వల వేలాడుతోంది. కూతురి పక్కన నన్ను చూడగానే ఆవిడ మొహం విప్పారింది. ఫోనుకు దగ్గరగా జరిగి, బాగా సాధన చేసినట్టుంది, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ తెలుగులో అడిగింది.

"అన్నం తిన్నావా, అమ్మా?"

తినలేదండీ అన్నాను. మీరమ్మ మార్చి చెప్పింది. ఆవిడ కంగారుపడి, ఎందుకు తినలేదని అడిగింది. అప్పుడు ఆగస్టు పద్దెనిమిది దగ్గర్నుంచి మొదలుపెట్టాను. నేను ఒక్కో వాక్యం చెప్పి ఆగుతుంటే మీరమ్మ దాన్ని అలాగే చెప్పింది, ఎక్కడా తగ్గించలేదు, ఎక్కడా పెంచలేదు. ఆవిడ ఇంకా నవ్వుతూనే వింటోంది, నేనేదో కష్టం చెప్పుకుంటున్నాననుకుని తల ఊపుతోంది. రెండోసారి గేటు ఎత్తిన దగ్గరకు వచ్చేసరికి నవ్వడం మానేసింది. మూడోసారిది ఇంకా చెప్పవలసే ఉంది.